పంచదార పడని బీరు

ఒక్క గ్లాసు బీరుతో డెర్వెంట్ లోయ మొత్తాన్నీ ఏడిపించిన మనిషి మా క్లెమ్ రడ్జ్. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు కాబట్టి కొంచెం తగ్గిస్తాను. ఏడ్చింది ముగ్గురం. అందులో మా నేస్తం లెస్‌కు ఏడాది పొడుగునా జలుబే.

బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్ పూల తోటల్లో కూలికి పోయి బతికినవాడు క్లెమ్. అతని భార్య మేవిస్ పెరటి కంచె మీద ఒకే ఒక్క హాప్ తీగ పాకించింది. ఏటా ఆ పూలు కోసి ఆరబెట్టి, వేరే రకం కలపకుండా, బట్టలు ఉడకబెట్టే పాత రాగి కాగులో మొగుడూ పెళ్లాలు కాసిని సీసాల బీరు కాచుకునేవారు. రంగు పల్చన, వాసన కమలా తొక్క.

మొన్న చలికాలంలో మేవిస్ పోయింది. ఆ వెనకే తీగకు వేరుకుళ్లు పట్టింది. ఆ ఏడు దక్కిన పూలే ఆఖరివి.

"ఇంకొక్కసారి మేవిస్ బీరు తాగితే చాలు నాకు," అన్నాడు క్లెమ్.

ఒక్కడే కాచాడు, పులియబెట్టాడు, సీసాల్లో నింపి మూతలు బిగించాడు. కొన్ని వారాలాగి, ఓ ఆదివారం మధ్యాహ్నం లెస్‌నీ నన్నూ పిలిచాడు.

మూత తీస్తే బుస్సుమనాలి. అనలేదు. రెండోదీ అంతే.

"ముసలోడా, సీసాల్లో పంచదార వేశావా?" అన్నాడు లెస్. మూత వేసే ముందు సీసాకో చెంచా పడకపోతే బీరు పొంగదు.

క్లెమ్ బల్ల వైపు చూశాడు. "నింపి ఎడం పక్కకి జరిపా. ఎప్పుడూ అంతేగా."

ఆ ఎడం పక్క చెంచా పట్టుకుని నిలబడేది మేవిస్.

"ఓస్, అంతేనా. ఇప్పుడేసి మళ్లీ మూతలు కొడదాం. పదిహేను రోజుల్లో అదే పొంగుద్ది. డబ్బా ఎక్కడ?"

"కూచో లెస్. అది మేవిస్ పని."

"ఇలాగే తాగుతావేంట్రా? చల్లారిన టీలా ఉంటది."

"ఉండనీ."

ముగ్గురికీ పోశాడు. నురగ లేదు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మాత్రం కమలా తొక్క వాసన. క్లెమ్ సగం తాగి, "పూలు దానివే," అని కంచె వైపు తిరిగి కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. మేం గ్లాసులు ఖాళీ చేసి, బాగుందని చెప్పి వచ్చేశాం.

ఇదంతా రాసి క్లెమ్‌కు చదివి వినిపించాను. కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"అన్నీ కోతలు," అన్నాడు. "నా జన్మలో బీరు కాచలేదు నేను. మా మేవిస్‌కి ఆ వాసనే పడదు."