అవెలినో నోరు మూసుకున్న ఇరవై నిమిషాలు

అవెలినోకి నోరు మూతపడదు. ఇది చాడీ కాదు. ఆస్తూరియాస్ బొగ్గుగనుల లోయలో ఆ రోజుల్లో రెండో డివిజన్ ఫుట్‌బాల్ ఆడినవాళ్లలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. మిగతా డిఫెండర్లు ఎదుటివాణ్ణి కాలు అడ్డంపెట్టి ఆపేవారు, మోచేత్తో పొడిచి ఆపేవారు. అవెలినో కబుర్లు చెప్పి ఆపేవాడు. లోయంతా అతన్ని ‘రేడియో’ అనేది. ఒక్కటే తేడా, రేడియోకి మీట ఉంటుంది.

ఆ కబుర్లకి అందరికంటే ఎక్కువగా బలైనవాడు ఫ్రోయిలాన్. నది అవతలి ఊరి జట్టులో ఫార్వర్డ్. అతని మొదటి మ్యాచ్‌లోనే, గోల్ ముందుకి కార్నర్ కిక్ రాబోతుంటే, వెనకనుంచి ఓ గొంతు వినిపించింది.

“మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?”

ఫ్రోయిలాన్ గిరుక్కున తిరిగాడు. “మా అమ్మ నీకెలా తెలుసు?”

“తెలీదు. ఈ వానల్లో, ఈ మెట్లతో మోకాళ్ల నొప్పి లేని అమ్మ ఎవరుందో చెప్పు!”

ఈలోగా బంతి వచ్చింది, వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఫ్రోయిలాన్ చెవుల్లో దూది కుక్కుకుని దిగాడు. రిఫరీ ఈల వేసినా వినపడక మైదానం చివరిదాకా ఒంటరిగా పరిగెత్తి, ఖాళీ గోల్‌లోకి బంతి కొట్టి, చేతులెత్తి గంతులేశాడు. రిఫరీ పసుపు కార్డు తీస్తుంటే అవెలినో అడ్డుపడ్డాడు. “వదిలేయండి సార్, కుర్రాడికి చెవుడు. వాళ్లమ్మకి మోకాళ్లు కూడా బాగాలేవు.”

ఇంకోసారి ఆ పసుపు కార్డు అవెలినోకే వచ్చింది.

“ఎందుకండీ?”

“వాగినందుకు.”

“ఎవరితో?”

“నాతోనే!”

“మరి జవాబులు చెప్పింది మీరే కదా?”

రిఫరీ ఆలోచనలో పడ్డాడు. కార్డు తిరిగి జేబులోకి వెళ్లిందని కొందరంటారు. ఫ్రోయిలాన్ అయితే అది తన కళ్లతో చూశానంటాడు.

ఇంత వాగినా ఆట దగ్గర అవెలినో ఆషామాషీ మనిషి కాదు. తల ఎత్తితే గాల్లో బంతి అతనిదే. కాలు చాపితే నేలమీద బంతీ అతనిదే. ముప్పయ్యో ఏట మాడ్రిడ్ నుంచి ఓ పెద్ద క్లబ్బు కన్ను అతనిమీద పడింది. కోచ్ నికానోర్ అతన్ని పక్కకి పిలిచాడు.

“నాయనా, నీ కాళ్లు వాళ్లకి నచ్చాయి. నీ నోరంటేనే భయంట. ఆదివారం మనిషిని పంపుతున్నారు. ఆ తొంభై నిమిషాలూ నోరు కట్టేసుకో. నీ బతుకే మారిపోతుంది.”

“కట్టేసుకుంటాను.”

“ఒట్టేనా?”

“ఒట్టు. మా తాత కూడా ఓసారి ఇలాగే ఒట్టేసి...”

“అదిగో, మొదలెట్టావు!”

ఆదివారం ఫ్రోయిలాన్ జట్టుతోనే మ్యాచ్. సన్నగా వాన. అవెలినో వచ్చి ఫ్రోయిలాన్ వెనక నిలబడ్డాడు. నోట మాటలేదు. ఫ్రోయిలాన్ వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూశాడు.

“ఒంట్లో బాగాలేదా?”

అవెలినో తల అడ్డంగా ఊపాడు.

“ఇంట్లో ఎవరైనా... పోయారా?”

మళ్లీ అడ్డంగా ఊపాడు.

తొమ్మిదో నిమిషంలో ఫ్రోయిలాన్ కుడివైపునుంచి దూసుకొచ్చి కొట్టిన బంతి గోల్‌లో పడింది. పద్దెనిమిదో నిమిషంలో అటునుంచే ఇంకొకటి. అవెలినో జట్టు గోల్‌కీపర్ సెల్సో రెండుసార్లూ ఉన్నచోటు నుంచి కదల్లేదు. స్టాండ్‌లో మాడ్రిడ్ పెద్దమనిషి పుస్తకం మూసేశాడా అంటే లేదు, రాసుకుంటూనే ఉన్నాడు. తప్పు కీపర్‌దని ఆయనకి తెలుస్తూనే ఉంది.

ఇరవయ్యో నిమిషంలో అవెలినో వెనక్కి తిరిగి సెల్సోని చూశాడు. తలెత్తి స్టాండ్‌కేసి చూశాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు.

“ఇంతకీ ఫ్రోయిలాన్, మీ చెల్లెలి పెళ్లిలో పంది కాలిందా, మాడిందా?”

ఇక మాటలకి గేట్లు ఎత్తేసినట్టే. ఫ్రోయిలాన్‌కి మరో గోల్ దొరకలేదు. మ్యాచ్ రెండు-రెండుతో ముగిసింది. పెద్దమనిషి మాత్రం సగంలోనే గొడుగు తీసుకుని రైలుకి వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాలు నోరు ఆపుకుని, ఆపైన ఆపుకోలేక మాడ్రిడ్ పోగొట్టుకున్న మొనగాడని లోయంతా ఏళ్లతరబడి నవ్వింది. అవెలినో కూడా వాళ్లతో కలిసి నవ్వి, ముప్పయ్యారో ఏట ఆట మానేశాడు.

ఆ మ్యాచ్ జరిగిన పద్దెనిమిదేళ్లకి రెండు జట్ల పాతవాళ్లూ ఓ మధ్యాహ్నం సీద్రా అనే ఆపిల్ సారా అమ్మే కొట్లో భోజనానికి కలిశారు. చిక్కుడుగింజల పులుసు పొగలు కక్కుతోంది. ఫ్రోయిలాన్ రొట్టెముక్కలు పరిచి, తన జన్మలోకెల్లా గొప్ప గోల్స్ రెండూ మళ్లీ వేసి చూపిస్తున్నాడు.

“సెల్సో గుడ్లప్పగించి చూస్తుండిపోయాడు!”

సెల్సో చెంచా కింద పెట్టాడు. “చూస్తే కదా! అప్పటికి రెండేళ్లుగా నా ఎడమకంటికి చూపు లేదు. ఎవరిదో బూటు తగిలి పోయింది. చెబితే ఆట మాన్పించి గనిలోకి దింపేవారు. మా నాన్న ఆ గనిలోంచి ఎలా పైకొచ్చాడో మీ అందరికీ తెలుసు.”

సెల్సో అవెలినో వైపు వేలు చూపించాడు.

“కన్ను పోయిన కొత్తలో ఎడమపక్కనున్న గ్లాసు రెండుసార్లు పడగొడితే వీడొక్కడే కనిపెట్టాడు. ఒక్క ముక్క అడగలేదు. ఆ తర్వాతి మ్యాచ్ నుంచే ఎడమవైపు ఎవడొచ్చినా, ఎంత దూరంలో ఉన్నా, కబుర్లలో కలిపి నాకు వినపడేలా అరిచేవాడు.”

“అందుకా!” ఫ్రోయిలాన్ నోరు తెరిచాడు. “నేను నా కుడినుంచి, అంటే సెల్సో ఎడమకి, వస్తుంటే ‘ఎడమకి వచ్చావేంరా’ అనేవాడు. కుడిఎడమలు కూడా తెలీని దద్దమ్మనుకున్నా! అయితే నా గోల్స్?”

“మొదటిది చూడనేలేదు. రెండోది వల కదిలాక తెలిసింది.”

బల్లంతా గొల్లున నవ్వింది. ఫ్రోయిలాన్ రొట్టెముక్కల్ని చేత్తో పక్కకి నెట్టేసి అవెలినో వైపు తిరిగాడు. “ఇన్నేళ్లూ అందరం నిన్ను వెక్కిరిస్తుంటే ఒక్కసారైనా చెప్పలేదేంరా?”

అవెలినో చెవులదాకా ఎర్రబడ్డాడు. “ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో! వచ్చినప్పుడల్లా దానికి అడ్డంగా ఇంకేదో వాగేసేవాణ్ణి. నేనింత వాగుడుకాయని కావడానికి సగం కారణం ఈ సెల్సోనే.”

“మిగతా సగం?” అన్నాడు సెల్సో.

“మా అమ్మమ్మ. ఆవిడ సంగతి చెప్పాలంటే చాలాసేపు పడుతుంది మరి.”

ఫ్రోయిలాన్ కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాడు.

“చెప్పరా,” అన్నాడు.