మొదలొచ్చేది బురదనీళ్లే

పెగడపల్లి గౌండ్ల ఐలయ్య కొడుకు మహేందర్ గల్ఫ్‌ల ఏం పని జేస్తడంటే ఊళ్లె ఒక్కలకు సుత సక్కగ ఎరుకలేదు. "నూనె బాయిల కాడ ఉంటడట" అంటరు, గంతే! బాయంటే మన పొలం కాడి బాయి అనుకునేరు. కిలోమీటర్ల లోతుకు దిగిన సన్నటి బొక్క అది, మనిషి పట్టడు.

ఆ బొక్కలకు కేబుల్ కట్టి ఓ పొడుగు మిషిన్ దించుతరు. అది అడుగున రాయికి మూతి ఆనిచ్చి లోపలి నూనెను గుంజుతది. దాని వేడెంత, ఒత్తిడెంత, చిక్కగున్నదా పల్చగున్నదా, అండ్ల గ్యాస్ ఎంత, అన్నీ అక్కడికక్కడనే కొలుస్తది. పైన బండిల కూసోని తెర మీద చూసేటోడు మహేందర్.

"పైకి తెచ్చి కొల్వరాదా?" అని పెండ్లయిన కొత్తల పెండ్లాం వసంత అడిగింది.

"మా బాపు చెట్టు కాడ పోసిన కల్లు, జగిత్యాల దాక పోయిన కల్లు ఒక్కతీరుంటదా? పైకొచ్చేసరికి గ్యాస్ ఇడిసిపోయి నూనె గుణమే మారుతది" అన్నడు.

"అబ్బో, అటు తిరిగి ఇటు తిరిగి కల్లు కాడికే అచ్చినవ్" అని నవ్వింది.

గా పనిల అందరు ఆగం జేసేది ఒక్క కాడనే. మొదలొచ్చేది నూనె కాదు. బొక్క కొట్టేటప్పుడు పోసిన బురదల నుంచి రాయిలకు ఇంకిన నీళ్లు. అవి పోయి, తెర మీద రంగు మారేదాక గుంజి పారబోస్తనే ఉండాలె. తొందరపడ్డవా, బురదనీళ్లనే నూనె అనుకొని కొలుస్తవ్. మహేందర్‌కు ఆ ఓపిక బాగుండె.

ఇగ ఈసారి సెలవుకు అచ్చేముందు, ఇంకో రెండేండ్లు ఉంటవా అని కంపెనీ అడిగింది. ఫోన్ల వసంతను అడిగితే, "పో, నాకేంది, బాగనే ఉన్న" అంది. ఇంటికచ్చి అడిగినా గదే మాట. కంపెనీ ఆఫీసుల ఉండే జీవన్‌కు ఇయ్యాల పొద్దుమూకేలోపు జవాబు చెప్పాలె. ఒక్క ముక్క పట్టుకొని మనిషి లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది!

మహేందర్ మల్ల అడుగలే. బీడీల చాట ఒళ్లె పెట్టుకున్న వసంత పక్కన కూసోని, ఆమె చేసిన బీడీలు కట్టలు కట్టవట్టిండు. ఆమె ముచ్చట మొదలుపెట్టింది. ఆకు మంచిది ఇస్తలేరంది, బిడ్డ సంగీతకు లెక్కలు అస్తలేవంది, నల్లా నీళ్లు సరిగ ఇడుస్తలేరంది. ఈయన ఊకొట్టుడే గాని మధ్యల ఒక్క మాట అనలే. చానసేపటికి ఆమె చెయ్యి ఆగింది.

"ఇదివరకు నువ్వు పోతే వారం దాక ఏడుపాగకపోతుండె" అంది, చాట దిక్కే చూసుకుంట. "పోయినసారి కంట్ల నీళ్లే రాలే. నువ్వు లేకుండుడు అలవాటైతంది. నాకు గదే భయమైతంది."

ఇన్నేండ్లు అడుగున ఏమున్నదో కొలిచినోడు ఇంట్ల మాత్రం పైపైననే చూసి పోయినందుకు మహేందర్‌కు తన మీద తనకే కోపమచ్చింది. ఫోన్ తీసిండు.

"జీవన్ భాయ్, నేను వస్తలేను. నా పేరు తీసెయ్యి."

"ఏమైందే? ఇంట్ల అందరు బాగనే ఉన్నరా?"

మహేందర్ వసంత దిక్కు చూసిండు.

"బాగలేం భాయ్" అన్నడు.

చాట పక్కకు వెట్టి, వసంత ఏడ్చింది.