మూర మూరా పెంచిన మంట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, డెబ్బై ఎనిమిదేళ్ల నన్ను ఇన్నాళ్లూ లోపల తినేసిన రోగం షుగరు కాదు, బీపీ కాదు, ఒక మంట! అమెరికా గడ్డమీది మన ఇర్వింగ్ తెలుగు సంఘంలో ఆ మంట సాక్ష్యం వినని చెవి లేదు. మా నాన్న ఊళ్లో చావులకీ జాతరలకీ డప్పు కొట్టేవాడనీ, రక్షణ పొందిన రోజే ఆ డప్పును తన చేతులతోనే పొయ్యిలో వేశాడనీ, మంట తాటిచెట్టంత లేచిందనీ చెప్పి మీచేత ఎన్నిసార్లు హల్లెలూయ అనిపించానో! మొదటిసారి చెప్పినప్పుడు ఆ మంట మోకాలెత్తే ఉండేది, మీరు చప్పట్లు కొట్టేకొద్దీ ఏడాదికో మూర పెంచాను. ఇప్పుడే నవ్వేయండి, కాసేపటికి నవ్వలేరు.

మొన్న స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి మా అమ్మాయి, మనవరాలు నన్ను సౌత్ కరోలినాలో ఒక పాత వరి ఎస్టేట్‌కి తీసుకెళ్లారు. ఇంగ్లీషు దొరల కాలంలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు ఆ బురదలో దిగి వరి పండించారట. ఆ బానిసల వంశంలోనే పుట్టిన గైడమ్మ రోలూ రోకలీ చేటా చూపిస్తుంటే మా ఊరి సామానే అనుకున్నాను. పగలంతా మడిలో పని, ఆపైన దంపుడు, దంపుడుకో పాట! స్వతంత్రులైన నల్లవారు కొందరు దొరల విందుల్లో ఫిడేలు వాయించి బతికేవారట. ఫిడేలు పరవాలేదు గానీ డప్పు మాత్రం కూడదని చట్టం చేశారట, ఆ మోతతో కబురు పంపుకుని తిరగబడతారేమోనని భయం. డప్పులు పోయినా చేతులు మిగిలాయి కదా అంటూ ఆవిడ తొడమీదా గుండెమీదా అరచేతులతో దరువు వేసింది.

సహోదరులారా, అది మా నాన్న దరువే అని చెప్పను, మళ్లీ పెంచినట్టవుతుంది. కానీ ఆ చెయ్యి తొడమీద పడే తీరు నాకు తెలుసు.

"తాతా, మీ డాడ్ కూడా డ్రమ్మర్ కదా? ఆయన డ్రమ్ ఎవరు తీసేసుకున్నారు?" అంది, నా సాక్ష్యాలప్పుడు సండే స్కూల్లో ఉండే మనవరాలు.

ఆయనే కాల్చేశాడని చెప్పబోయాను. నోట నిజమే వచ్చింది.

"నేనే తల్లీ."

"అదేంటి నాన్నా? మరి తాటిచెట్టంత మంట?" అంది మా అమ్మాయి.

నిజం వినండి. రక్షణ పొందాక కూడా నాన్న డప్పు మానలేదు. తోలు బిగియాలని సెగ చూపించి, చెవి దగ్గర పెట్టుకుని విని, క్రిస్మస్ ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేవాడు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి, పట్నం సంఘపెద్ద కూతురితో సంబంధం కుదిరి, వాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారనగా, గోడకున్న ఆ డప్పును చూసి నాకు సిగ్గేసి పెరట్లో నీళ్ల పొయ్యిలో పెట్టేశాను. మంట మోకాలెత్తు కూడా లేవలేదు. తోలు ముడుచుకుని పొగ వచ్చింది, అంతే. అప్పుడే నాన్న వచ్చాడు. నేను డప్పు కాచుతున్నాననుకున్నాడు!

"ఎక్కువ సెగ పెట్టకురా అయ్యా, పగులుద్ది" అన్నాడు.

తర్వాత ఆయనకి అర్థమైంది. అప్పటినుంచి పోయేదాకా ప్రార్థన గుడిలో వెనక వరుసలో కూర్చుని పాటకి తొడమీద దరువు వేసుకునేవాడు. నేను తిరిగి చూస్తే ఆపేసేవాడు.

ఆ రోలు పక్కనే కూలబడి, "ప్రభువా, మా నాన్న డప్పు లాక్కున్నది ఏ దొరా కాదు, నేనే. ఆ పాపాన్ని నీ మహిమ అని అమ్ముకున్న ఈ నోటిని కడుగు తండ్రీ" అని ఏడ్చాను. ఆకాశం తెరుచుకుందని చెప్పాలని నాలుక దురద పెడుతోంది గానీ, తెరుచుకోలేదు. మనవరాలు పక్కన కూర్చుని, "నాకు ఆ దరువు నేర్పించు తాతా" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆ మంట లోపల మండడం లేదు, దేవునికే మహిమ! దుఃఖం మాత్రం ఉంది. నాన్నను క్షమాపణ అడగడం ఇక పరలోకంలోనే.

ప్రియులారా, మీరూ ఎవరి చేతి పనిని చూసి సిగ్గుపడి దాచారో ప్రభువుతో చెప్పేయండి, ఆయన దేనికీ సిగ్గుపడడు. ఈ ఆదివారం నుంచి నేనూ మనవరాలూ వెనక వరుసలో కూర్చుంటాం, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు మా పక్కకి రండి. ఎవరు తిరిగి చూసినా ఆపం.