కత్తెరక్క చేతికి ఆదివారం

"ఈ చేతికి ఆదివారం ఉందా?"

ఫిజియో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. పలకరింపు లేదు, పరామర్శ లేదు. ఎదుటి మనిషి కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. నాలుగు వేళ్లూ లోపలికి ముడుచుకుని, చాపమంటే మొరాయిస్తున్నాయి. ఆ చెయ్యి గల మనిషి ఆదివారం వర్క్‌షాపు ఉండదు కాబట్టి ఆ రోజు మూడు పూటలా వ్యాయామం చేస్తున్నానని చెప్పింది. గర్వంగానే చెప్పింది.

ఆవిడని అందరూ కత్తెరక్క అంటారు. వయసు నలభై నాలుగు. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పంతొమ్మిదేళ్లుగా కటింగ్ ఆవిడదే. మేడమీద పొడుగాటి గది. ఒక పక్క వరసగా కుట్టుమిషన్లు, కిటికీల వైపు ఇస్త్రీ బల్ల, నడిమధ్య పన్నెండడుగుల కటింగ్ బల్ల. ఆ బల్ల అంచు ఒకచోట అరిగి నున్నగా పల్లం పడింది. ఆవిడ నడుము ఆనించే చోటు అది. కత్తెర పన్నెండంగుళాల ఇనుపది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోదు. ఆ కత్తెరతో కాగితం కోసిన పాపానికి ఒకడితో మూడు నెలలు మాట్లాడలేదని చెప్పుకుంటారు. ఆవిడనడిగితే రెండు నెలలే అంటుంది.

కుట్టు తప్పితే విప్పి కుట్టొచ్చు. గుడ్డ తప్పు కోస్తే చేసేదేమీ లేదు. అందుకే ఆ బల్ల దగ్గరికొచ్చేసరికి అందరూ గొంతు తగ్గిస్తారు. జీతమూ అక్కడే ఎక్కువ, మాట చెల్లేదీ అక్కడే.

కిందటేడు చలికి ముందు ఆ బల్ల దగ్గరే ఆవిడ చెయ్యి తప్పింది. రాత్రి కాపలావాళ్లకి ఓవర్‌కోట్లు. నమూనాకి నాలుగు కోస్తోంది. మందపాటి ఉన్ని గుడ్డ, నాలుగు పొరలు. కోటుకి చెయ్యి అతికే చోట మలుపు తిప్పుతుండగా పట్టు సడలి కత్తెర పక్కకి జారింది. నాలుగు ముందుభాగాలూ వేలెడు లోపలికి తెగిపోయాయి.

ఓనరు చెడ్డవాడు కాడు. వచ్చి, గుడ్డ పట్టుకు చూసి, అరవలేదు. "అక్కా, ఇంకో ఆరు వారాల్లో మూడువందల ఓవర్‌కోట్ల ఆర్డరు వస్తోంది. అప్పటికి మీ చెయ్యి కుదురుకుంటే బల్ల మీదే. లేదంటే కరెంటు కటింగ్ మిషన్ తెస్తాను, దాన్ని నడిపే మనిషినీ తెస్తాను. మిమ్మల్ని పంపెయ్యను. చెకింగ్‌లో కూర్చుందురుగాని" అన్నాడు. చెకింగ్ అంటే తయారైన బట్టకి వేలాడే దారాలు తుంపడం. మంచితనంతో చెప్పిన ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రమే ఆవిడ చెల్లెలి మొగుడి దుకాణానికి వెళ్లింది. మరిదిది ఆటసామాన్ల కొట్టు. చేతిపట్టు పెరగడానికి ఏమైనా ఉందా అని అడిగితే మూడు గ్రిప్పర్లు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు పిడులు, మధ్యలో స్ప్రింగు. పిడికిట్లో పట్టుకుని పిడులు రెండూ కలిసేదాకా నొక్కాలి. ఎర్రది సులువు, నీలంది మధ్యరకం, నల్లది మొండిఘటం.

"వదినా, నల్లది నావల్లే కాలేదు. ఎర్రదానికీ నీలందానికీ డబ్బులివ్వండి చాలు. నల్లదాన్ని మూసిన రోజున దాని డబ్బులిద్దురుగాని" అన్నాడు.

"ఆరు వారాల్లో వస్తాను మరిదిగారూ, చిల్లర సిద్ధంగా పెట్టుకోండి" అంది ఆవిడ.

గ్రిప్పర్లతో పాటు ఒక అచ్చుకాగితం ఇచ్చాడు. పన్నెండు వారాల కార్యక్రమం: ఏ రోజు, ఏ రంగుది, ఎన్నిసార్లు. ఆవిడకున్నది ఆరు వారాలు. పన్నెండు వారాల పని ఆరింటిలో తెమలాలంటే రోజూ రెండింతలు చెయ్యాలి. గుడ్డ లెక్కలో అది సరైన లెక్కే. కాగితాన్ని అలమార తలుపు లోపలివైపు అంటించబోతే రెండంగుళాలు ఎక్కువైంది. అడుగున సన్నక్షరాల్లో ఏదో ఉంది. గుడ్డ అంచునా అలాగే సన్నక్షరాల్లో మిల్లు పేరు ఉంటుంది, కోసి పారేస్తారు. ఆవిడా కోసి పారేసింది. అలవాటైన చెయ్యి, గీత పెట్టినంత తిన్నగా కోసింది.

మొదటివారం పండగే. ఎర్రది నవ్వుతూ మూసేసింది, నీలంది పళ్లు బిగించి మూసింది. రెండోవారానికి నీలంది పొద్దున అరవై, సాయంత్రం అరవై. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. స్ప్రింగు చప్పుడు విని ఏదో తలుపు కిర్రుమంటోందనుకుని, నూనెడబ్బా పట్టుకుని ఇంట్లో ఉన్న తలుపులన్నిటికీ నూనె వేశాడు. మూడోవారం పొద్దున్నే లేచేసరికి వేళ్లు ముడుచుకుని ఉండేవి. ఎడంచేత్తో ఒక్కొక్కటీ విప్పుకునేది. నాలుగోవారం, అంతకుముందు మూసుకున్న నీలంది మూసుకోవడం మానేసింది.

ఇక్కడ తెలివిగల మనిషి ఆగాలి. ఆవిడ తెలివిగలదే, కానీ ఆగలేదు. పట్టు తగ్గిందంటే బద్ధకించానన్నమాట అనుకుని పూటకి పది పెంచింది, ఆదివారం మూడో పూట కలిపింది. తప్పు పూర్తిగా ఆవిడది కాదు. ఒళ్లు హూనం చేసుకునేవాళ్లని మెచ్చుకోవడం మనకో జబ్బు. సన్మానసభల్లో విరామమెరుగని మనిషి అని శాలువా కప్పుతారు. వేళకి పని ఆపి పడుకున్నందుకు ఎవరికీ శాలువా కప్పిన దాఖలా లేదు. శ్రమ గొప్పదనం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది దాన్ని కాస్త దూరంనుంచి చూసినవాళ్లే.

ఒక్క ఇస్త్రీ బాబాయి మాత్రం మెచ్చుకోలేదు. వర్క్‌షాపులో అందరికీ బాబాయే, అందరి విషయాలూ ఆయనవే. ఆవిడ భోజనాల వేళ కూడా నీలంది నొక్కుతుంటే చూసి, "గుడ్డ మాడుతోందని తెలిసీ పెట్టె ఇంకా గట్టిగా అదిమే మనిషిని నిన్నే చూశానమ్మాయ్. నా బల్ల దగ్గరికి మాత్రం రాకు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

రెండురోజుల తర్వాత కత్తెర చేతిలోంచి జారి నేలమీద పడింది. గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి. పంతొమ్మిదేళ్లలో ఆ చప్పుడు ఎవరూ వినలేదు. మర్నాడు భర్త సెలవు పెట్టి ఫిజియో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆదివారం సంగతి విన్నాక డాక్టరమ్మ రోజుకెన్నిసార్లు చెయ్యి మూస్తారని అడిగింది. ఆవిడ వెంటనే చెప్పింది: నూట నలభై.

"మరి వర్క్‌షాపులో?"

"అది పని కదండీ. వ్యాయామం కాదు."

"ఆ తేడా మీ వేళ్లకి ఎవరు చెప్తారు?"

ఆవిడ మాట మార్చడానికి అలమార తలుపు నుంచి ఊడదీసి తెచ్చిన అచ్చుకాగితం సంచిలోంచి తీసి ముందు పెట్టింది, చూడండి, నేను రాసినట్టే చేస్తున్నాను అన్నట్టు. డాక్టరమ్మ కాగితం అడుగు అంచు వేలితో తడిమి, ఇంత తిన్నగా ఎవరు కోశారని అడిగింది. తర్వాత కోసేసిన ముక్కలో ఏముంటుందో చూడకుండానే చెప్పింది, ఇలాంటి కాగితాలన్నిటికీ ఒకే తోక ఉంటుందట: వారానికి కనీసం మూడు రోజులు విశ్రాంతి, పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటే ఆపెయ్యండి. భర్త పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వితే ఇంటికెళ్లాక ఏమవుతుందో ఆయనకి తెలుసు.

తీర్పు: పదిరోజులు గ్రిప్పరూ లేదు, కత్తెరా లేదు. ఆర్డరుకి మిగిలింది పద్నాలుగు రోజులు. కుదరదని ఆవిడ వాదించింది.

"పది ఆపితే నాలుగు రోజులు మిగులుతాయి. ఆపకపోతే ఆ రోజుకి చెయ్యి మిగలదు" అంది డాక్టరమ్మ.

బస్సులో ఇంటికొస్తుంటే భర్త ఒక్కమాటే అన్నాడు. డ్యూటీ ఇన్ని గంటలు దాటితే తనకి బండి తాళం ఇవ్వరట. అది డ్రైవరు మీద జాలితో కాదు, బండెక్కేవాళ్ల మీద జాలితో. చేతికైనా అంతేనేమో అన్నాడు.

మర్నాడు ఓనరుకి దాచకుండా చెప్పింది. ఈ పదిరోజులూ గుడ్డ మీద గీతలు తను గీస్తుంది, కోత పని కాలర్లు కుట్టే అమ్మాయి, అందరూ కాలర్ల చెల్లి అనే పిల్ల, చూస్తుంది. ఆ చెల్లికి కటింగ్ మీద ఎప్పటినుంచో మోజు. ఓనరు కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు, కానీ కటింగ్ మిషన్ బొమ్మలున్న పుస్తకం మాత్రం మేజా మీంచి తీయలేదు. కత్తెరక్క తన కత్తెర ఇవ్వలేదు. అరలోంచి రెండోది తీసిచ్చింది.

ఆరోజు పక్కన ఖాళీగా నిలబడాల్సి రావడంతో, రోజుకి ఎన్నిసార్లు కత్తెర మూతపడుతోందో మొదటిసారి లెక్కపెట్టింది. పదికొక గీత చొప్పున బల్ల అంచున చాకుతో గీస్తూ పోయింది. సాయంత్రానికి రెండువేల నూట నలభై. గుడ్డ వేలెడు తగ్గినా చూపుతోనే పట్టేసే మనిషి, పంతొమ్మిదేళ్లుగా రోజుకి రెండువేల సంగతి మర్చిపోయి, పైన నూట నలభైనే లెక్కలో రాసుకుంది.

"అక్కా, మీ గ్రిప్పరు లెక్కలో ఇది కలపలేదే" అంది కాలర్ల చెల్లి.

"ముందు మలుపు చూసుకో, పక్కకి పోతోంది" అంది ఆవిడ.

ఆ పదిరోజులు ఆవిడకి గడవలేదు. పక్కవాళ్లు కోస్తుంటే చెయ్యి దురద పెట్టేది, దాన్ని నడుం వెనక దాచుకునేది. రాత్రులు గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ముంచి, డాక్టరమ్మ చూపించినట్టు వేళ్ల చుట్టూ రబ్బరుబ్యాండు వేసి చాపేది. ఇన్నేళ్లూ ఆ చేతికి మూయడమే నేర్పింది, తెరవడం ఎవరూ నేర్పలేదు. ఏడోరోజు పొద్దున వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. చూసుకుని, ఎవరికీ చెప్పకుండా టీ పెట్టుకుంది.

పదకొండోరోజు నీలంది తీసి నొక్కింది. మూసుకుంది, అంతకుముందెన్నడూ లేనంత తేలిగ్గా. నమ్మలేక ఇంకోసారి నొక్కింది. మళ్లీ మూసుకుంది. మూడోసారి నొక్కలేదు. దాన్ని అలమారలో పెట్టి తలుపేసింది. ఆ ఏడాది ఆవిడ చేసిన కష్టమైన పని అదే.

ఆర్డరు వచ్చింది. ఉన్ని గుడ్డ రోజు విడిచి రోజు కోశారు. మధ్య రోజు గీతలు, సర్దుబాట్లు. నాలుగు పొరల బదులు మూడు. తిన్నని గీతలు కాలర్ల చెల్లి, మలుపులు అక్క. పొద్దున్నే ఎర్రది ఒక్కసారి నొక్కి చూసుకునేది. అది బరువుగా అనిపించిన రోజు మలుపులూ చెల్లికే, తన కత్తెర కూడా చెల్లికే. నీలంది అలమారలోంచి బయటికి రాలేదు. మూడువందలూ పూర్తయ్యేసరికి అనుకున్నదానికి ఒకరోజు ఆలస్యమైంది. ముందుభాగం ఒక్కటీ పాడవలేదు. లోపలి గుడ్డ ఒకటి చెల్లి పొట్టిగా కోసింది. రెండు నెలలు మాట్లాడదేమోనని ఆ అమ్మాయి బెంగపడితే, కత్తెరక్క దానికో అతుకు వేసి, లోపలే కదా, కాపలావాడు చలిలో కోటు తిరగేసి చూసుకోడు అంది.

మిషన్ వచ్చే ఏడు చూద్దాంలెండి అన్నాడు ఓనరు. "తెప్పించండి సార్. తిన్నగా పోయేవి అది కోస్తుంది, మలుపులు మేం కోస్తాం" అంది. ఇస్త్రీ బాబాయి ఆ 'మేం' విని కాలర్ల చెల్లి వైపు కళ్లెగరేశాడు.

ఇప్పుడు అలమార తలుపుకున్న కాగితం పక్కన ఇంకో ముక్క ఉంది, ఆవిడ చేతిరాతలో, పెద్దక్షరాల్లో. గ్రిప్పరు వారానికి రెండుసార్లే, అదీ బరువు గుడ్డ కోయని రోజుల్లో. ఇంకో రెండుసార్లే నొక్కగలననిపించగానే ఆపెయ్యాలి. ఆదివారం ఏమీ లేదు. అప్పుడప్పుడు నల్లదాన్ని కూడా ఒక్కసారి నొక్కి, మిగిలిన సందుని టేపుతో కొలుస్తుంది. మొదట అంగుళం పైనే ఉండేది. పోయిన శనివారానికి పావంగుళానికి వచ్చింది. ఎంతవరకొచ్చింది వదినా అని మరిది అడిగితే, తొందరేముంది మరిదిగారూ అంటోంది.

నల్లదాని ఖరీదు నాలుగువందల యాభై. ఇంకా ఇవ్వలేదు.