జనన ధ్రువపత్రాల వరుసలో దొరికిన ప్రజాభిప్రాయం

ఇబ్రహీంపట్నం వైపు కొత్తగా ఏర్పడిన ఒక మున్సిపాలిటీకి నేను టౌన్ ప్లానింగ్ ఆఫీసర్‌గా వచ్చిన ఏడాదే జోనింగ్ నిబంధనల సవరణ మొదలైంది. ప్రజాభిప్రాయ సభకు నలభై ఒక్కమంది వచ్చారని, ఎవరికీ అభ్యంతరం లేదని రికార్డు రాసింది నేనే. వాళ్లు ఎందుకు వచ్చారో మాత్రం రాయలేదు.

జోనింగ్ అంటే ఊరి పటానికి రంగులు వేయడం. పసుపు ఇళ్లకు, నీలం దుకాణాలకు, ఊదా పరిశ్రమలకు. రంగును బట్టి ఆ స్థలంలో ఏ పని చేసుకోవచ్చో తేలుతుంది. అందుకే ముసాయిదా ప్రకటించి, గడువిచ్చి, సభ పెట్టి, జనం చెప్పింది రాసుకుని ప్రభుత్వానికి పంపాలి. ప్రకటనను మేం పద్ధతి ప్రకారమే అంటించాం. ఆఫీసు లోపల, నా బీరువా పక్కన.

సభ రోజు పదకొండు దాటినా కుర్చీలన్నీ ఖాళీ. జనం లేకుండా ప్రజాభిప్రాయం ఎలా పంపుతావని కమిషనర్ అడిగారు. స్కూలు అడ్మిషన్ల కాలం కావడంతో కింద జనన ధ్రువపత్రాల కిటికీ దగ్గర పెద్ద వరుస ఉంది. పైకొచ్చి కూర్చున్నవాళ్లకు పత్రం ముందిస్తామని చెప్పించాను. రెండు నిమిషాల్లో హాలు నిండింది.

గంటసేపు రంగుల గురించి వివరించి, అభ్యంతరాలున్నాయా అని అడిగాను. మనవడి పత్రం కోసం వచ్చిన పాలమ్మే ఎల్లమ్మ లేచింది.

"ఉన్నది సారూ. పొద్దటి సంది కూసోబెడ్తివి, గా కాయితం ఎప్పుడిస్తవ్? ఇంటికాడ బర్రెలు ఒర్రుతున్నయ్!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, "అభ్యంతరాలు లేవు" అని రాసుకున్నాను. పత్రాలు ఇస్తూ హాజరు పట్టీలో అందరి సంతకాలూ తీసుకున్నాం.

మరుసటి ఏడాది నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఎల్లమ్మ వీధికి పసుపు పడింది. పసుపులో బర్రెల కొట్టం ఉండకూడదు. పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ఫిర్యాదు చేయడంతో, కొట్టం తీసేయమని ఆమెకు నోటీసు వెళ్లింది. ఆమె దాన్ని పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"మా అత్త కాలం సంది ఉన్న కొట్టమది. ఎవర్నడిగి రంగేసిన్రు? నా బర్రెలు నల్లగుంటయ్, గా రంగుకేమన్న జాగున్నదా మీ పటంల?"

కమిషనర్ పట్టీ తెరిచి సంతకం చూపించారు. "నువ్వే ఒప్పుకున్నవ్ గదమ్మా."

"గది మా మనవని కాయితం కోసం పెట్టిన! గీ సారునడుగున్రి."

నేను ఫైలులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఆమె నాలుగు బర్రెల్లో రెండింటిని అమ్మేసింది. మిగిలిన రెండింటినీ శేరిగూడలో తమ్ముడింట్లో కట్టేసి, రోజూ ఆటోలో పోయి పాలు పితుక్కొచ్చేది.

ఆ తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఈ ఉద్యోగంలో నాకు ఆలస్యంగా అర్థమైంది ఇంతే: మనుషులు వచ్చారని హాజరు పట్టీ చెబుతుంది, ఒప్పుకున్నారని చెప్పదు. ప్రకటన ఎక్కడ అంటించాడో చూసుకోనివాడికి జనం రాలేదని అనే హక్కు లేదు.

నిరుడు నిబంధనలను మళ్లీ సవరించడానికి సభ పెట్టినప్పుడు మామూలు మనిషిగా వెళ్లి, జరిగిందంతా రాసిచ్చాను. అధికారి చదవమన్నారు. మొదటి వాక్యం నాకే వినపడనంత మెల్లగా చదివాను. వెనక వరుసలోంచి ఎల్లమ్మ అరిచింది.

"జర గట్టిగ సదువు సారూ! అప్పుడు గంటసేపు మస్తు చెప్పినవ్ గద."

కాగితం మడిచి ఆమె వైపు తిరిగాను.

"ఎల్లమ్మక్కా, నువ్వు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నట్టు నేనే రాసిన. నువ్వు అడిగిననాడు నిజం చెప్పలేదు. తప్పు నాది. మాఫ్ చెయ్."