తాగుబోతులన్న బోర్డు

బ్రిజిడ్ కల్లినన్‌ది పగబట్టే మనస్తత్వం. ఆవిడ ఆ మాట దాచుకోదు, నేనెందుకు దాచాలి? డెబ్బై ఎనిమిదేళ్ళ ఈ ఐరిష్ ఆవిడ, అమెరికాలో ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో ఉన్న మా చిన్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపింది. ఊరందరికీ బ్రిజిడ్. ఫార్మా ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిపడ్డ నాకు మాత్రం, అలవాటు కొద్దీ, ఆంటీ.

ఊరి మ్యూజియంలో ఒక బోర్డు ఉంది. 1893లో రాళ్ళ క్వారీలో డైనమైట్ పేలి తొమ్మిది మంది ఐరిష్ కూలీలు చనిపోయారనీ, తాగిన మత్తులో ఆ ముప్పు వాళ్ళే తెచ్చుకున్నారనీ దాని మీద రాసి ఉంటుంది. ఆ తొమ్మిది మందిలో ఒకాయన ఆంటీ ముత్తాత. బోర్డు పెట్టించింది క్వారీ యజమాని మునిమనవడు విట్లాక్. తీసేయమని ఆవిడ అడిగినప్పుడల్లా, "ప్రూఫ్ ఏది బ్రిజిడ్?" అని నవ్వేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే నవ్వాడు. తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో ఇక్కడి ఐరిష్ వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉండేది. ఇక తాగనని చర్చిలో ఫాదర్ ముందు ఒట్టు వేసి పుస్తకంలో సంతకం పెట్టేవాళ్ళు. ఒట్టు తప్పినవాడి పేరు ఆ ఆదివారమే కొట్టేసేవాళ్ళు. మొన్న ఆ చర్చి మూసేస్తూ పాత కాగితాలన్నీ ఆంటీకి ఇచ్చేశారు. శనివారాలు నేను వాటిని స్కాన్ చేస్తుంటే ఆ పుస్తకం బయటపడింది. పేలుడుకి నాలుగు రోజుల ముందటి ఆదివారం దాకా రాసి ఉంది. చనిపోయిన తొమ్మిది మందీ అందులో ఉన్నారు. ఎనిమిది పేర్లు శుభ్రంగా ఉన్నాయి. ఆంటీ ముత్తాత పేరు మాత్రం కొట్టేసి ఉంది.

"ఆంటీ, ఆ పేజీ స్కిప్ చేసేద్దామా?" అన్నాను.

"దాస్తే వాడికీ నాకూ తేడా ఏముంది దేదీప్యా? అబద్ధంతో కొడితే నా కసి తీరదు."

ఊరి చరిత్ర దినం నాడు, మ్యూజియంలో జనమంతా చూస్తుండగా, పుస్తకం తీసుకెళ్ళి విట్లాక్ చేతిలో పెట్టింది. "ప్రూఫ్ అడిగావుగా. గట్టిగా చదువు."

ఒక్కో పేరుకీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. ఎనిమిదీ అయ్యాక కొట్టేసిన పేరు కంటపడి, మొహం వెలిగింది.

"ఇతను మీవాడే కదా?"

"మావాడే. తాగేవాడు. ఆయన మీద ఆ మాట ఉంచుకో. మిగతా ఎనిమిది మంది మీద పడ్డ మచ్చ నీ చేత్తోనే తియ్యి."

అతను బోర్డు స్క్రూలు ఊడదీస్తున్నంతసేపూ ఆంటీ కదలకుండా నిలబడి చూసింది. కొత్త బోర్డు మీద తొమ్మిది పేర్లున్నాయి. ఒక్క పేరు పక్కనే 'తాగేవాడు' అని ఉంటుంది. అది ఆవిడే పట్టుబట్టి రాయించింది.