ముందు నడిచిన గవ్వలు

మా ముత్తాత ప్రాణహిత రేవుకు హక్కుదారు. ఆయన చెయ్యి ఊపనిదే పడవ కదిలేది కాదు. మా తాత ఊరికి పటేలు. ఆయన వస్తుంటే అరుగు మీది వాళ్లు లేచి నిలబడేవారు. ఈ ఇద్దరి గొప్పా చెప్పడం మా నాన్న ఉద్యోగం. రేవును ఇంగ్లీషు సర్కారు తీసుకుంది. పటేలిరికం ఇంకో ఇంటికి పోయింది. మాకు మిగిలింది ఒక్కటే: పొలాల అమావాస్యనాడు, ఎడ్ల పండుగకు, ఊరి తోరణం కింద మా ఎడ్లు ముందు నడవడం.

మా ఎడ్లకున్న గవ్వల సింగారం సిరోంచ చుట్టుపక్కల ఎవరికీ లేదు. నొసటి పట్టెలు, మెడ పట్టెడలు, వీపు గుడ్డలు, అన్నిటి నిండా గవ్వలే. ఉప్పుతో పాటు గవ్వలు తెచ్చే లంబాడీ ఒకడు, ఇవి సముద్రంలో పాకే చిన్న నత్తల పెంకులని చెప్పాడు. నాన్నకు కోపం వచ్చింది.

"నత్తలు మా మడిల గూడ ఉన్నయి. వాటినెవడన్న ఎద్దు నెత్తిన పెడుతడా?"

గవ్వ లక్ష్మికి తోబుట్టువని, అక్కాచెల్లెళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారని ఆయన నమ్మకం. మా వడ్ల గాదె మాత్రం ఆ మాట నమ్మినట్టు కనబడేది కాదు.

ఒక ఏడు పశువుల రోగం వచ్చి మా ఎడ్లు రెండూ పోయాయి. గవ్వలకు ఏ రోగమూ రాలేదు. నాన్న పొరుగు రైతు ఎడ్లను అడిగి తెచ్చి, మా గవ్వలు కట్టి, తోరణం ముందు నిలబెట్టారు. పగ్గాలు ఆ రైతు చేతిలోనే ఉన్నాయి.

"ఎడ్లు నాయి, గవ్వలు మీయి. ఇగ ముందు నడిచేది ఎవరు దొరా?" అన్నాడు రైతు.

"గవ్వలు ఇప్పితే ఎడ్లు నడుస్తయి. ఎడ్లను ఇప్పితే గవ్వలు నడుస్తయా ఏంది?" అంది వెనకనుంచి ఒక ముసలామె. అందరూ నవ్వారు.

నాన్న తలపాగా సవరించుకున్నారు. "ఎడ్లదేముందిరా, గడ్డేస్తే ఎవనింట్లనన్న పెరుగుతయి. మర్యాద గవ్వలది. గవ్వలు ఎవరియైతే మర్యాద వాళ్లది."

ఊరి పెద్దలు తలూపారు. మేమే ముందు నడిచాం. నేను మెడ నిటారుగా పెట్టి, అటూ ఇటూ చూడకుండా నడిచాను. ఎడ్లు అంత బిగుసుకుపోలేదు.

పండుగ వెళ్లాక ఆ రైతు మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"మీరు నలుగుర్ల అన్న మాటే దొరా. ఆ గవ్వలు నాకియ్యుండ్రి. వడ్లు పోస్త."

అన్న మాట వెనక్కు తీసుకోవడం మా వంశంలో లేదు. ఇంట్లో వడ్లు కూడా లేవు.

"గుడ్డలు గూడనా?" అన్నారు నాన్న.

"సగం మర్యాద నేనేం జేసుకోను దొరా?"

ఆ ఏటి వానలు వెనకపట్టకముందే నొసటి పట్టెలు, మెడ పట్టెడలు, వీపు గుడ్డలు అన్నీ వడ్లకు అమ్మాం.